ఏడ్చే బిలం నీళ్లు

ఆగు! ఆ డబ్బా లోపలికి విసిరావంటే నీకు సైకిలు తొక్కే అర్హత లేదు. ప్రకృతిని ప్రేమిస్తానని చొక్కా మీద రాసుకుంటే సరిపోయిందా? తాగేసిన ఖాళీ డబ్బా బసదాకా మోసుకుపోలేవూ? కూర్చో. ఈ బిలం సంగతి విను. విన్నాక విసురుదువుగాని.

దీన్ని మావాళ్లు ఏడ్చే బిలం అంటారు. ఎప్పుడో కరువులో ఒక తల్లి పుట్టిన బిడ్డని ఇందులో వదిలేసిందట. వానరాత్రుల్లో లోపలినుంచి సన్నగా ఏడుపు... మా స్లొవేనియాలో ఇలాంటి సున్నపురాతి బిలాలకి లెక్కలేదు. కానీ చీకటి పడ్డాక జనం తప్పుకుపోయేది దీన్నే.

తప్పుకోనివాడు ఒక్కడు — యెర్నేయ్.

కొండ కింద అతనికి అతిథిగృహం ఉండేది. సైకిలు యాత్రలు నడిపేవాడు. పొగ లేదు, ప్లాస్టిక్ లేదు, నేలకి హాని లేదని ఊదరగొట్టేవాడు. రోజూ పొద్దున్నే ఇంటి వెనక ఊటనీళ్లు పట్టి, అతిథుల ముందు మొదటి గ్లాసు తనే తాగి, "మా కొండతల్లి పాలు, తాగండి!" అనేవాడు.

అతిథుల గుడారాల పక్కన నీళ్లక్కర్లేని మరుగుదొడ్లు పెట్టాడు. వాటి కింద నిండే బకెట్లు పట్నంలో శుద్ధిచేసే చోటికి పంపాలి. పంపలేదు. సైకిలు వెనక చిన్న బండి కట్టి, రాత్రిపూట తెచ్చి ఇందులో కుమ్మరించేవాడు. అదీ పొగ లేకుండానే! ఛీ... చెబుతుంటేనే నోరు కడుక్కోవాలనిపిస్తోంది.

ఇదంతా అతని భార్య మిలోయ్కా చెప్పిందే. ఆమె మా పిన్ని కూతురు. వారంనుంచి వాన పడుతున్న ఒక రాత్రి, అతను బండి కడుతుంటే పట్టుకుంది.

"పట్నానికి పంపుతున్నానన్నావుగా, యెర్నేయ్?"

"కొండ పక్కనే ఉండగా పట్నం ఎందుకు? అడుగులేని గొయ్యి. అందులో పోయింది ఎప్పుడైనా తిరిగొచ్చిందా?"

"ఆ నీళ్లు ఎక్కడ తేలతాయో నీకు తెలుసా? పైగా అక్కడ పసిగుడ్డు ఏడుస్తుందంటారు..."

"గుడ్డ మార్చేవాళ్లు లేక ఏడుస్తుందేమోలే!" నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఇదిగో, ఈ అంచునే నిలబడి బకెట్ ఎత్తాడు. లోపలినుంచి — ఏడుపు. సన్నగా, గుక్క పట్టినట్టు... అయినా వంచాడు.

ఏడుపు ఆగిపోయింది. నోట్లో ఏదో కుక్కినట్టు...

కొండ ఎలా దిగాడో అతనికే తెలియదు. నాలుక పిడచకట్టుకుపోయింది. నేరుగా ఊట దగ్గరికి పోయి, దాని కింది తొట్టెలో చీకట్లోనే దోసిలి ముంచి తాగాడు.

పెదవికి ఏదో తగిలింది. చల్లగా... మెత్తగా...

చిన్న చెయ్యి.

టార్చి వేశాడు. తొట్టె నిండా పాలిపోయిన ఒళ్లు. అప్పుడే పుట్టిన బిడ్డ చర్మం రంగు. పుల్లల్లాంటి చేతులు, చేతికి మూడేసి వేళ్లు. కళ్లు లేవు.

కేక విని మిలోయ్కా పరుగెత్తుకొచ్చింది. టార్చి లాక్కుని తొట్టెలోకి వంగి చూసింది.

"పిల్లలు కాదు... మనిషిచేపలు. కొండ కడుపులో చీకటినీళ్లలో బతికేవి. వరదకి కొట్టుకొచ్చాయి." పేరుకే చేపలు; బల్లుల్లాంటి జీవులవి.

"హమ్మయ్య! చేపలేనా?"

ఆమె తొట్టెలో చెయ్యి పెట్టి కదిపి చూసింది. చేపల్లో ఒక్కటీ కదలడం లేదు. ఒకదాని మూతికి అంటుకున్న ముక్కని ఒలిచి అతని కళ్లముందు పెట్టింది. మరుగుదొడ్డి కాగితం.

"ఇదిగో, తిరిగొచ్చింది. ఇప్పుడు నువ్వు తాగింది ఇదే. రోజూ అందరికీ పోసిందీ ఇదే."

"అరవకే! తొట్టె కడిగేస్తా. వాళ్లకేం తెలుస్తుంది?"

తెల్లారింది. అతిథులు రొట్టె, తేనె ముందు కూర్చున్నారు. మిలోయ్కా ఊటనీళ్లు ఒక్క గ్లాసే తెచ్చి అతని ముందు పెట్టింది.

"మొదటి గ్లాసు నీదేగా. తాగు."

పెదవిదాకా ఎత్తాడు... అందరి ముందూ భళ్లున కక్కేశాడు. అప్పుడు ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. మధ్యాహ్నానికి గుడారాలన్నీ లేచిపోయాయి.

ఒక్కటి మాత్రం ఎవరికీ అంతుబట్టలేదు. మనిషిచేప ఏడవడం ఈ ఊళ్లో ఎవరూ వినలేదు. మరి ఆ రాత్రి ఏడ్చిందెవరు...?

యెర్నేయ్ ఇప్పుడు పట్నంలో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. మూత తియ్యని సీసా తెచ్చిచ్చినా, పెదవికి చిన్న చెయ్యి తగిలిందంటాడు, కక్కేస్తాడు. నరంలోకి సూది గుచ్చి నీళ్లెక్కిస్తున్నారు. ఇన్ని ఊటలున్న దేశంలో పుట్టి, గుక్కెడు నీళ్లు నోటితో తాగలేకుండా పోయాడు.