ఇసుక షెడ్డులో తట్ట చప్పుడు

మల్లవ్వకు అన్యాయం జరిగింది రెండువేల పదకొండు ఏప్రిల్‌లో. నాచారం సీసాల ఫ్యాక్టరీ అప్పటికి నడుస్తనే ఉంది. షెడ్డులో గాజుకు వాడే తెల్ల ఇసుక తట్టకెత్తుతుంటే గుట్ట జారి మీద పడ్డది. ఛాతీ దాకా పూడుకపోయింది. ఆ బరువుకు గొంతు లేవలేదు. బయట మిగిలింది ఒక చెయ్యి, ఆ చేతిలో ఇనుప తట్ట. దాన్నే పక్కనున్న స్తంభానికేసి కొట్టింది—

టక్... టక్... టక్...

గేటు కాడ నలుగురు విన్నరు. "మిషిన్ చప్పుడు, పోన్రి పోన్రి" అన్నడు సూపర్‌వైజర్. షట్టర్ గుంజిండు. మల్లవ్వ డ్యూటీ దిగి ఇంటికి పోయిందని చెప్పిండు. తెల్లారి షట్టర్ ఎత్తేసరికి చెయ్యి చల్లబడి ఉంది.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడ్డది. చప్పుడు మాత్రం మూతపడలేదు. రాత్రిపూట ఆ గోడ పక్క నుంచి పోయినోళ్లు విన్నరు, ఉరికిన్రు. విన్నోళ్లు ఎందరో. షట్టర్ ఎత్తి చూసినోడు ఒక్కడు లేడు. మొగోళ్ల ధైర్యం చాయ్ హోటల్ కాడ బారెడు, ఆ గోడ కాడ బెత్తెడు గూడ లేదు!

అసోంటి షెడ్డుకు తనంతట తానే నడిచిపోయింది అరుణకుమారి.

ఆమెది కాకినాడ దిక్కు. ఏఎస్ రావు నగర్‌లో ఉంటది. పాడుబడ్డ జాగల ఫొటోలు తీసుడు ఆమె కళ. రాజస్థాన్ పోయి, ఎడారి సగం మింగిన ఇండ్ల ఫొటోలు తీసుకొచ్చింది— తలుపులలోంచి ఇసుక, కిటికీలలోంచి ఇసుక, మనిషి జాడ లేదు. ఆ ఫొటోలతో ఎగ్జిబిషన్ పెట్టబోతున్నది. ఆఖరి ఫొటో ఒక్కటి కుదరక తిప్పలు పడుతుంటే, నాచారంలో ఒక షెడ్డు నిండా ఎడారి ఉన్నదని ఎవరో చెప్పిన్రు.

నిజంగనే ఎడారి. రేకుల సందుల్లోంచి ఏండ్లకేండ్లు గాలి దూరి తెల్ల ఇసుకను అలలు అలలు చేసింది. వాచ్‌మన్ సాంబయ్య ఎవరినీ రానియ్యడు కాబట్టి, ఆమె వెనక కాంపౌండ్ గోడ కూలిన కాడ స్కూటీ ఆపి, పొద్దు గూకేటప్పుడు, సాంబయ్య గేటు కాడ ఉన్నప్పుడు, ఎత్తి ఉన్న షట్టర్ కింది నుంచి దొంగతనంగ షెడ్డులోకొచ్చింది. ఫోన్ వెలుగు పడితే ఫొటో పాడైతదని దాన్ని స్కూటీ డిక్కీలనే పెట్టింది.

ఇంకొక పని గూడ చేసింది. ఎడారిలో అడుగుల గుర్తులుంటే ఎడారి ఎట్లయితది? చిన్న చీపురు తెచ్చుకున్నది. ముందుకొక అడుగు, వెనక్కొక ఊడ్పు. అట్ల తన అడుగులన్నీ తనే తుడుచుకుంట పోయి, దూరపు గుట్ట వెనక కెమెరా పెట్టింది. సందుల్లోంచి వెన్నెల దిగుతున్నది. ఒక్క ఫొటోకు నాలుగు నిమిషాలు. కదలొద్దు, దగ్గొద్దు.

రెండో నిమిషంలో సాంబయ్య వచ్చిండు. "ఎవరన్న ఉన్నరా లోపట?"

అరుణకుమారి ఊపిరి బిగపట్టింది. పలికితే దొరికిపోతది, కదిలితే ఫొటో పోతది.

సాంబయ్య గడప కాడనే నిలబడి టార్చ్ నేల మీదికి కొట్టిండు. దొంగలు పడితే అడుగులు కనవడాలె గద... ఇసుక అద్దం లెక్క ఉంది. ఒక్క అడుగు లేదు.

షట్టర్ దిగింది. తాళం పడ్డది.

బయట ఫోన్‌లో అంటున్నడు: "ఆఁ... బయలెల్లిన. మేడారం జాతర బస్సు ఉప్పల్‌లనే ఎక్కుత. ఇంక ఆదివారమే నేనొచ్చుడు."

ఆదివారం! ఈ రోజు బుధవారం!

ఆమె ఉరికొచ్చేసరికి బండి చప్పుడు దూరమైపోయింది. సీసాలో నీళ్లు అడుగున ఉన్నయి. పైన రేకు ఊడిన సందు ఒకటి కనవడ్డది. గుట్ట ఎక్కితే అందుతదేమో... ఎక్కింది. సగం కాడ ఇసుక సర్ర్‌ర్... మని జారింది. మోకాళ్ల దాకా దిగిపోయింది. కదిలిన కొద్దీ ఇంకింత దిగుతున్నది. బోర్ల పడుకుని, పాక్కుంట పాక్కుంట, ఒక చెప్పు లోపలే పోగొట్టుకుని బయటపడ్డది.

అప్పుడు గుర్తొచ్చింది, ఈ షెడ్డులో ఎవరో చచ్చిపోయిన్రని విన్న సంగతి. విన్ననాడు ఆమె నవ్వింది.

కెమెరా స్టాండు ఊడదీసి షట్టర్ మీద కొట్టుడు మొదలు పెట్టింది. టక్! టక్! టక్!

పక్క ఫ్యాక్టరీల రెండో షిఫ్ట్ దిగి బండి మీద పోతున్న ఇద్దరు గోడ కాడ ఆగిన్రు— కొమురెల్లి, శివ.

"అన్నా... విన్నవా?"

"నోరు మూసుకో. బండి స్టార్ట్ చెయ్యి."

"బాబూ!" అని అరిచింది లోపలి నుంచి. "నేను మనిషినేనండీ! తలుపు తీయండి!"

"అన్నా, మనిషినంటున్నది..."

"దయ్యమైతే దయ్యమని చెప్తదారా?"

"గదిగాదే... అండీ అంటున్నది! మల్లవ్వకు ఆంధ్ర మాటలు ఎప్పుడొచ్చినయే?"

"పన్నెండేండ్లాయె, నేర్వదా? కిక్ కొట్టురా నీ తల్లీ!"

బండి దుమ్ము లేపుకుంట పోయింది.

ఆమె ఇంకా కొట్టింది. ఎవరో ఆగిన్రు... ఉరికిన్రు. ఇంకెవరో దండం పెట్టుకుంట పోయిన్రు. కొట్టిన కొద్దీ మనుషులు దూరమైతున్నరు. కొట్టకుంటే ఉన్నట్టే ఎవరికీ తెల్వదు. చేతులు బొబ్బలెక్కినయి, గొంతు పోయింది. షట్టర్‌కు ఒరిగి, అట్లనే సొమ్మసిల్లింది.

ఖణేల్!

తాళం పగిలిన చప్పుడుకు కండ్లు తెరిచింది. షట్టర్ లేచింది. వెన్నెల్లో పలుగు పట్టుకుని ఒక ముసలాయన.

మొగిలయ్య. మల్లవ్వ పెనిమిటి. నాచారం చౌరస్తాలో ఇస్త్రీ బండి ఆయనది. పెండ్లాం చచ్చిన రాత్రి ఆయన ఘట్‌కేసర్‌లో పనికి పోయి ఉండె. తర్వాత ఎన్ని రాత్రులు ఈ గోడ కింద పండుకున్నడో... అందరికి వినవడ్డ చప్పుడు ఆయనకు ఒక్కనాడు వినవడలేదు. ఈ రాత్రి కొమురెల్లి, శివ ఉరికొచ్చి చెప్తే, పలుగు తీసుకుని వాళ్లు వద్దంటున్నా వచ్చిండు.

అరుణకుమారిని చూసి ఆయన మొఖం వాడిపోయింది. "నువ్వా బిడ్డా..." అన్నడు. లేపి కూసోబెట్టి నీళ్లు తాగిపిచ్చిండు.

"దేవుడిలా వచ్చారు బాబాయ్," అని ఏడ్చింది.

"గంత సేపు ఎట్ల కొట్టినవ్ బిడ్డా! ఇటు నేను పలుగు ఏస్తున్న, అటు నువ్వు టక్ టక్... 'జర ఆగు, తెరుస్తున్న' అంటిని గద. వినలేదా?"

ఆమె నోటి కాడి సీసా అట్లనే ఆగింది.

"నేను... కొట్టడం ఆపేసి చాలాసేపయింది బాబాయ్. స్పృహలోనే లేను."

మొగిలయ్య ఆమెను చూసిండు. ఆమె ఆయనను చూసింది.

లోపల, దూరపు స్తంభం కాడ...

టక్...

...టక్...

అరుణకుమారికి ఉరకాలని ఉంది. గోడ పట్టుకుని లేచి నిలబడ్డది. మొగిలయ్య మాత్రం పలుగు కింద పెట్టి, గడప దాటి రెండు అడుగులు లోపలికేసిండు. గొంతు తగ్గించి, ఇంట్ల పిలిచినట్టే పిలిచిండు.

"మల్లీ... నేనే. తలుపు తెరిచిన. ఇంక కొట్టకు. రా, పోదాం."

చప్పుడు ఆగింది.

ఇసుక సన్నగ జారినట్టయింది... అంతే. ఏమీ కనవడలేదు. ఆయన ఒక పక్కకు జరిగిండు.

"జరుగు బిడ్డా," అన్నడు మెల్లగ. "తొవ్వ ఇయ్యి."

ఆమె జరిగింది. ఎందుకు జరిగిందో ఇప్పటికీ ఆమెకే తెల్వదు.

మొగిలయ్య గేటు దాకా పోయిండు— పక్కన అలిసిపోయిన మనిషి ఎవరో నడుస్తున్నట్టు, అడుగు తగ్గించుకుని, మధ్యమధ్యల ఆగుకుంట.

షెడ్డులో చప్పుడు విన్నమని తర్వాత ఎవరూ చెప్పలేదు. ఆఖరుసారి విన్నది మొగిలయ్య, అరుణకుమారి ఇద్దరే: 2024 ఫిబ్రవరి 21, బుధవారం.