ఊర్మిళ గెలాక్సీకి రెండో గీత

పెళ్లిచూపులకు పోయినవాడు పిల్లను చూడాలి. మన సంజీవ మాత్రం గీతను చూశాడు!

లింగాల ఘనపూర్‌లో ఊర్మిళ వాళ్లింట్లో చాయ్ తాగడం అయ్యాక, సంబంధం తెచ్చిన అండాలమ్మ "మీరిద్దరు జర మాట్లాడుకోండ్రి" అని వాళ్లను వసారాలోకి పంపింది. ఊర్మిళ హైదరాబాద్‌లో రీసెర్చ్ చేస్తోంది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై, క్యాంపస్ మూతపడితే ఇంటికొచ్చింది. సంజీవ మహబూబాబాద్‌లో ఫిజిక్స్ లెక్చరర్. అర్థమవుతుంది కదా అని లాప్‌టాప్ తెరిచి చూపించింది.

"గిది మస్తు దూరపు గెలాక్సీ. దీని వెలుగును ఇన్‌ఫ్రారెడ్‌ల విడగొడితే ఈ ఒక్క గీత దొరికింది. ఇది ఏ మూలకం గీతనో తెలిస్తే, గీత తన జాగల కెల్లి ఎంత జరిగిందో లెక్కగట్టి గెలాక్సీ ఎంత దూరమో, ఎంత పాతదో చెప్పొచ్చు."

"హైడ్రోజన్. ఇంకేముంటది?" అన్నాడు సంజీవ, బోర్డు ముందు నిలబడ్డ ధీమాతో.

"ఒక్క గీత చూసి పేరు పెడ్తరా? ఒక్కపూట చూసి పిల్లను మెచ్చినట్టు?"

సంజీవ గబుక్కున తెర వైపు తిరిగాడు. నిజానికి అతడు ఆ ఒక్కపూటలోనే మెచ్చేశాడు మరి!

మర్నాటి నుంచి బస్సులు బంద్. పదకొండు రోజులైనా ఊర్మిళ వాళ్ల నుంచి కబురు లేదు. కబురు రాకపోతే కాదన్నట్టేనని, అడిగి పరువు తీసుకోవద్దని సంజీవ నాయిన తేల్చేశాడు. సంజీవకు అన్నం సయించడం మానేసింది.

పన్నెండో రోజు ఫోన్ మోగింది.

"నేను ఊర్మిళను. శనివారం లోపల ఈ గెలాక్సీ దూరం తేల్చకపోతే మా గైడ్ దీన్ని రీసెర్చ్ పేపర్‌లకెల్లి తీసేస్తడు. ఏడాది కష్టం పోతది. ఇక్కడ కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో! భూపాలపల్లిల మీ అక్కోళ్ల బొగ్గుగని క్వార్టర్ల కరెంటు పోదన్నరు గదా. తీస్కపోతరా?"

"నేనా? మీ బాపు ఏమంటడో?"

"బాపే అడగమన్నడు. మనోడే గదా అన్నడు."

మనోడా? కాదన్న పిల్లకు వీడు మనోడు ఎట్లయిండు? సంజీవకు బుర్ర తిరిగింది. అయినా తెల్లారేసరికి బండి తుడిచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరి, ఘనపూర్‌లో ఊర్మిళను ఎక్కించుకున్నాడు.

జనగామలో రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. సమ్మె వంట తినకుండా ఎవరినీ కదలనిచ్చేటట్టు లేరు. గంటె పట్టుకున్న ఒక పెద్దామె ఇద్దరికీ విస్తరాకుల్లో పప్పన్నం పెట్టి, "పిల్ల సక్కగున్నది. నీ పెండ్లామా బిడ్డా?" అనడిగింది.

"కాదు కాదు కాదు!" అన్నాడు సంజీవ, ఊర్మిళకు కోపం వస్తుందేమోనని హడలిపోయి.

కోపం వచ్చింది. కాదన్నందుకు! విస్తట్లో సగం అన్నం వదిలేసి లేచింది. పరకాల దాటే దాకా మొహం పక్కకు తిప్పుకునే కూర్చుంది. సన్నగా వాన మొదలైతే లాప్‌టాప్ సంచిని ఒళ్లో దాచుకుంది కానీ, తడుస్తున్నానని కూడా అనలేదు. నేనేం తప్పు చేసిన దేవుడా అని సంజీవ దారంతా తల బద్దలు కొట్టుకున్నాడు.

భూపాలపల్లి క్వార్టర్లో అతడి అక్క భావన టవల్ ఇచ్చి, చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయింది. ఊర్మిళ లాప్‌టాప్ ముందు కూర్చుంది. గంటసేపు చూసి చూసి, సంజీవ మెల్లగా అడిగాడు.

"గీత పక్కన ఈ ముక్క ఎందుకు కొట్టేసిన్రు?"

"అది గెలాక్సీది కాదు. ఇన్‌ఫ్రారెడ్‌ల మన ఆకాశం గూడ మెరుస్తది. వట్టి చెత్త."

"మరి చెత్త కింద ఏమన్న ఉంటే?"

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. కొట్టేసిన ముక్కను తిరిగి తెచ్చి, ఆకాశం మెరుపును మళ్లీ జాగ్రత్తగా తీసేసింది. పెద్ద గీతకు ఎడమ పక్కన చిన్న గీత ఒకటి తేలింది. ఎత్తు సరిగ్గా మూడో వంతు.

"ఆక్సిజన్!" అని అరిచింది. "ఆక్సిజన్ గీతలే గిట్ల జోడీగ ఉంటయి! అంటే గీత హైడ్రోజన్ అనుకున్నదానికంటే ఎక్కువ జరిగింది. గెలాక్సీ ఇంకో ఎనభై, తొంభై కోట్ల ఏండ్లు పాతది. అంత ముందుగాలనే అక్కడ చుక్కలు పుట్టి, సచ్చి, ఆక్సిజన్ చేసి పెట్టినయి! సంజీవా, గిది మస్తు పెద్ద సంగతి!"

సంతోషంలో అతడి చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. మరుక్షణమే ఏదో గుర్తొచ్చి వదిలేసింది.

"సారీ. మీకు నేను నచ్చలేదాయె. పెండ్లామా అంటే మూడుసార్లు కాదన్నరు."

"కాదన్నది మీరు గదా! పన్నెండు రోజులైంది, కబురే లేదు!"

"లేకపోవుడేంది? ఆ రోజే అండాలమ్మకు ఔనని చెప్పిన. నర్సింహులపేటల తనింటికి పోయి, పొద్దుగాల బస్సెక్కి మీ ఇంటికి పోత అన్నది."

"ఏ బస్సు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంజీవ గబగబా అండాలమ్మకు ఫోన్ కలిపాడు. "పెండ్లి మాట ఫోన్ల చెప్పద్దు బిడ్డా, చెడ్తది! బస్సులు నడవంగనే నేనే వస్త" అని పెట్టేసింది ఆ మహాతల్లి.

ఊర్మిళ నవ్వింది. నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నేను ఇన్ని రోజులు... గిదేం మనిషి, ఔనన్నంక ఒక్క ఫోన్ గూడ చేయడు అని ఏడ్చిన, తెలుసా? కరెంటు ఒక సాకు. నిన్ను చూద్దామనే పిలిచిన."

సంజీవ టవల్ అందుకున్నాడు. రోజుకు నాలుగు క్లాసులు చెప్పే మనిషి దాన్ని మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

"అండాలమ్మ ఎప్పుడొస్తదో నాకు తెల్వదు. నేనే చెప్తున్న. నువ్వంటే నాకిష్టం" అంది ఊర్మిళ. "నీ సంగతేంది?"

"ఇష్టమే. చాయ్ ఇచ్చిన కాడ్నుంచి ఇష్టమే. భయపడి సచ్చిన."

వంటింట్లోంచి భావన కేక వేసింది. "తమ్మీ, నాయినకు ఫోన్ జేసిన! బస్సులతోని పనిలేదట, ట్రాక్టర్ కట్టుకొని రేపే ఘనపూర్ పోతున్నడు!"