మైనంతో మూసిన తూట్లు

ఇంకొకరు చెడగొట్టిన పనిని సరిచేయకుండా వదిలిపెట్టడం నా చేతకాదు. దీన్ని మా ఆవిడ స్వప్న పొగరంటుంది. నేను లోకసేవ అంటాను.

బెంగళూరు పీణ్యలో, ఫ్యాక్టరీలో లేతు మిషను నడుపుతాను. ఆదివారాలు ప్లాస్టిక్ టబ్బులకు గాలి తూట్లు పెట్టి, పాముల ఇళ్లుగా మార్చి, బెళ్ళందూరు అపార్ట్‌మెంట్లలో పాములు పెంచుకునే వాళ్లకిస్తాను. ఎవరూ నేర్పలేదు. మొదటి టబ్బుకు తూట్లు మరీ పెద్దవి పెట్టి, మూడు రోజులు వాషింగ్ మెషీన్ కింద పామును వెతికాం. అప్పటినుంచి స్వప్నది ఒకటే మాట: "ఇంకోసారి ఏదన్నా బయటికొచ్చిందో, పాపనెత్తుకొని మా ఊరికి పోతా." పాపకు ఆరో నెల.

ఆ ఆదివారం అమరనాథ్ అనే సాఫ్ట్‌వేరాయన తన నారింజ రంగు పామును ఇచ్చిపోయాడు. విషం లేనిది, నాకంటే సాధువు. దానికి పెద్ద టబ్బు కావాలి. గుజరీ అంగట్లో పాతసామాన్ల చెన్నయ్య ఒకటి తీసిచ్చాడు.

"దీనికి ముందే తూట్లుండాయప్పా. ఎవరో మైనం పోసి మూసినారు."

"ఎంత వంకరగా పొడిచినాడో చూడు! సిగ్గుపడి మూసుకున్నట్టుండాడు," అన్నాను.

సాయంత్రం వాన పట్టుకుంది. లోపలి గదిలో పాప చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. నేను ముందు గదిలో సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి మైనం కరిగించాను. నల్లగా కారింది. వెంట్రుకలు కాలిన వాసన. తూటు తెరుచుకున్నప్పుడల్లా మణికట్టుకు చల్లగా గాలి తగిలింది. ఫ్యానుదనుకున్నాను. ఫ్యాను వేయలేదని తర్వాత గుర్తొచ్చింది.

పదహారు తూట్లు. గుండ్రంగా, నున్నగా చేశాను. నా పనికి నాకే ముచ్చటేసింది.

పామును అందులో వదిలాను. మామూలుగా కొత్త చోటంతా తిరిగి చూస్తుంది. ఇది ఒక మూలకు ఒదిగి అతుక్కుపోయింది, నిండు బస్సులో ఎక్కిన మనిషిలా. అంత పెద్ద ఖాళీ టబ్బులో... దానికి చోటు చాలలేదు.

కరెంటు పోయింది.

టబ్బులో ఏదో కదిలిన చప్పుడైంది. పాము కదిలితే ఇసుక రాలినట్టుంటుంది. ఇది నిండు గోనెసంచిని ఈడ్చినట్టుంది. గబుక్కున చెయ్యి పెట్టి పామును తీసి, అది వచ్చిన పాత డబ్బాలోనే వేసి మూశాను. కొత్త టబ్బుకూ మూత వేసి నాలుగు క్లిప్పులూ నొక్కాను.

లోపల... ఇంకా కదులుతోంది.

"ఏమప్పా, పాము బయటికొచ్చిందా?" లోపలినుంచి స్వప్న గుసగుస.

"లేదు. పాము డబ్బాలోనే ఉండాది."

అబద్ధం కాదు. కానీ నిజమంతా అది కాదు.

బయట పెట్టేద్దామని టబ్బును ఎత్తబోయాను. లేవలేదు. తూట్లను అరచేతులతో మూయబోయాను. రెండు చేతులు... పదహారు తూట్లు. వేళ్ల సందుల్లోంచి చల్లగా... మెల్లగా... ఏదో పోతోంది.

ఉన్నట్టుండి టబ్బు తేలికైపోయింది.

లోపలి గదిలో ఉయ్యాల తాడు కిర్రుమంది.

"ఏమప్పా..." స్వప్న గొంతు పలచబడింది. "పాపను ఎత్తుదామంటే... లేయడం లేదు. నువ్వూ ఒక చెయ్యి పట్టు..."

ఫోను లైటు వేసి పరిగెత్తాను. చీర సాగిపోయి నేలకు తగిలి ఉంది. పాప హాయిగా నిద్రపోతోంది. ఇద్దరం కలిసి ఎత్తాం.

మర్నాడు డాక్టరమ్మ తూచి, వయసుకు తగ్గ బరువే అంది. నేను ఆ తూట్లను మళ్లీ మైనంతో మూశాను. అయినా రాత్రుళ్లు ఏమీ మారలేదు.

పొద్దుగూకితే పాప ఎత్తుకోమని ఏడుస్తుంది. ఎత్తుకుంటాను. తన చేతులు రెండూ నా చొక్కా గుండీలతో ఆడుకుంటూ ఉంటాయి. నా మెడ చుట్టూ మాత్రం... చల్లగా, మెత్తగా, ఇంకో రెండు చేతులు పడతాయి.

చీకటి పడ్డాక నా బిడ్డను భయపడకుండా ఎత్తుకోవడం నేనింకా నేర్చుకోలేదు.