మంగవ్వ ఒప్పుకున్న లెక్క

తెల్లవారుజామున మంగవ్వకు కల వచ్చింది. పెళ్లయి ఎల్లారెడ్డిలో కాపురం చేసుకుంటున్న కూతురు రాజమణి కలలో మళ్లీ చిన్నపిల్లయింది. జొన్నచేనులో దారి తప్పి "అవ్వా, అవ్వా" అని పిలుస్తోంది. ఎన్ని కంకులు పక్కకు నెట్టినా గొంతు వినబడుతోందే గానీ పిల్ల కనబడదు. కామారెడ్డి స్టేషన్ నుంచి రైలు కూత వేయడంతో మెలకువ వచ్చింది. లేచి వాకిలి ఊడ్చింది, పొయ్యి రాజేసింది, కల మాత్రం పోలేదు. ఆమె వరస ఎప్పుడూ ఇంతే. ఒక కల వచ్చిందంటే పొద్దెక్కేదాకా దాని వెంటే తిరుగుతుంది.

అరుగు మీద తండ్రీకొడుకులు అప్పటికే వాదులాట మొదలుపెట్టారు. కొడుకు నర్సింహులు హైదరాబాదులో గణితం చదివి పెద్ద పరీక్ష గట్టెక్కాడు. వచ్చే వారం అక్కడి జామియాలోనే, అంటే తను చదివిన విశ్వవిద్యాలయంలోనే, ఉద్యోగంలో చేరాలి. పిల్లలకు పాఠాలు చెప్పడం సగం పని, పరిశోధన మిగతా సగం. పట్నంలో కలరా అనే గత్తర, ప్లేగు లాంటి అంటురోగాలు మనిషి నుంచి మనిషికి ఎంత జోరుగా పాకుతాయో, ఏం చేస్తే ఆగుతాయో గణితంతో ముందే చెప్పవచ్చునని అతని గురువు నమ్మకం. శిష్యుడికీ అదే పిచ్చి పట్టింది. తండ్రి గంగారాంకు మాత్రం ఇది గొంతు దిగడం లేదు. కొడుకు తాసీల్దారు అవుతాడని పక్కనున్న రాజంపేట దాకా చెప్పుకొని తిరిగినవాడాయె.

"రోగమొస్తే మందియ్యాలె గని లెక్క కడుతరారా?" అన్నాడు గంగారాం. "ఇంత సదువు సదివి, ఎంతమంది సచ్చిండ్రని లెక్కపెట్టుకుంట కూసుంటవా?"

"సచ్చినోళ్ల లెక్క కాదు బాపూ. సావకుంట ఎట్ల ఆపాలె అనే లెక్క."

"గదేదో ఎడ్లకు చెప్పు, ఇంటయి."

మంగవ్వ నవ్వుకుంది. కొడుకు చదువు ఆమెకు అర్థం కాదు గానీ, వాడు మాట్లాడుతుంటే దూరంగా ఎక్కడో వాన కురుస్తున్నట్టు హాయిగా ఉంటుంది. పొయ్యి మీద జొన్నగట్క కలుపుతూ ఆ వాన వింటోంది. అంతలో వాకిట్లో బండి ఆగింది.

బండి మీద యాకూబు ఉన్నాడు. రాజమణి అత్తగారింట్లో జీతం ఉండే మనిషి. దిగకుండానే కేకేశాడు. "అమ్మా, ఆగమైంది. మా ఊరికి గత్తరొచ్చింది. పెద్దమ్మ భూదవ్వ నిన్న పాణమిడిసింది. నేను దవాఖానకు మందుకు పోతున్న." ఆ మాట అంటూనే ఎడ్లను అదిలించాడు.

భూదవ్వ అంటే రాజమణి అత్త. మంగవ్వ చేతిలోని గరిటె అక్కడే ఆగిపోయింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. తల్లిగారి వాళ్లే తిండి పట్టుకొని పోవాలి, ఆడబిడ్డను గుండెకు హత్తుకొని ఏడవాలి. అప్పటిదాకా ఆ పిల్ల దుఃఖం తెగదు. కలలో ఆ పిలుపు ఎందుకు వినిపించిందో ఇప్పుడు తెలిసింది మంగవ్వకు. పెనం పెట్టి గబగబా జొన్నరొట్టెలు చేయడం మొదలుపెట్టింది.

"అవ్వా, నువ్వు పోవద్దు" అన్నాడు నర్సింహులు.

ఆమె సరిగ్గా వినలేదేమో అనుకుంది. "ఏందిరా?"

"గత్తర తనంతట తాను నడిచి రాదు. నీళ్లల్ల, తిండిల, మన చేతులల్ల వస్తది. సావుకు పోయినోళ్లే దాన్ని మోసుకొస్తరు. నువ్వు తిరిగొచ్చినంక ఎవరెవరిండ్లకు పోతవో ఒక్కసారి యాది చేసుకో. నా లెక్కంత గదే."

"సొంత చెల్లె ఏడుస్తుంటే లెక్క చెప్తున్నవా?" మంగవ్వ పొయ్యి ముందు నుంచి లేచింది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో అంత పెద్ద గొంతు ఎవరూ వినలేదు. "గిందుకేనా నిన్ను సదివిచ్చింది? మనిషిని మనిషి పలకరియ్యద్దని సెప్పే సదువు నాకద్దు. నేను పోత. ఇంక నువ్వు ఆ నౌకరిల చేరితే నా మొకం సూడకు!"

తను అనాలనుకున్న మాటే భార్య అంటే, అది ఇంత పదునుగా ఉంటుందని గంగారాం అనుకోలేదు. నర్సింహులు తల వంచుకొని పెరట్లోకి పోయి ఎడ్లను విప్పుకొచ్చాడు.

"నిన్ను ఆపలేను" అన్నాడు. "ఒక్కదాన్ని పంపలేను. బండి నేనే తోలుత."

ఆ రాత్రి లింగంపేటలో చుట్టాలింట పడుకున్నారు. మర్నాడు పొద్దున మళ్లీ కదిలారు. మంచు ఇంకా విడలేదు. దారికి రెండు పక్కలా మోదుగులు మసకలో నిలబడ్డాయి. బండి ఊపుకు, ఇరుసు కిర్రుమన్న చప్పుడుకు మంగవ్వకు కన్ను మూతపడింది. కునుకులో ఎల్లారెడ్డి పోవడమూ అయింది, ఏడవడమూ అయింది, తిరిగి రావడమూ అయింది. తన వీధిలో నడుస్తోంది. ఎండ తేనెరంగులో ఉంది. కమలవ్వ జ్వరంతో పడుకుంటే నుదురు పట్టి చూసింది. రామవ్వ మనవడికి ముద్ద కలిపి పెట్టింది. ఆ పక్క ఇల్లు ఈరవ్వది, పచ్చి బాలింత. ఆ వీధిలో ఏ బిడ్డ పుట్టినా మొదటి నీళ్లు మంగవ్వ చేతి మీదుగానే పోయాలి, అది ఎప్పటినుంచో ఉన్న ఆచారం. కాళ్లు చాపుకొని పీట మీద కూర్చుంది. ఇంకా పేరైనా పెట్టని పసిగుడ్డును కాళ్ల మీద పడుకోబెట్టింది. నోట్లో వేలు పెట్టి గొంతులోని తెమడ తీయబోయింది.

ఉలిక్కిపడి లేచింది. తన వేళ్ల వంక చూసుకుంది. అవి ఎన్ని ఇళ్లు తిరిగాయో, కునుకులో ఒక్కొక్క గడపా కనబడింది. తను ప్రేమతో పోయిన ప్రతి ఇంటికీ ఆ రోగమూ తన వెంటే వచ్చింది. కొడుకు చెప్పిన లెక్క ఇదేనని ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. నర్సింహులు వెనక్కి తిరిగి చూడలేదు గానీ ఎడ్లను నెమ్మదిగా నడిపించాడు.

ఎల్లారెడ్డి దగ్గరి వాగు చేరేసరికి పొద్దు వాలుతోంది. నీళ్లు పిక్కల లోతే ఉన్నాయి. అవతలి ఒడ్డున పిల్లను చంకనేసుకొని రాజమణి కూర్చుంది. తల్లిగారోళ్లు వస్తారని పొద్దటినుంచీ చూస్తోంది పాపం. బండి కనబడగానే "అవ్వా!" అంటూ నీళ్లలోకి దిగింది. కలలో విన్న గొంతే.

"ఆడనే ఆగు బిడ్డా!" మంగవ్వ అరిచింది.

రాజమణి నిలబడిపోయింది. "నన్ను పట్టుకోవా అవ్వా?" అంది నీళ్లలో నిలబడి.

మంగవ్వ కొంగులో రొట్టెల మూట బరువుగా ఉంది. వాగును ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా చూసింది. అటునుంచి ఇటు వచ్చే దారి వద్దంటున్నాడు కొడుకు. ఇటునుంచి అటు పోయే దారో?

"నర్సింలూ, పోయి వస్తెనే గదా రోగాన్ని మోసుకొచ్చేది? పోయి ఆడనే ఉంటే? గత్తర సల్లబడేదాక కామారెడ్డి దిక్కు రాను. ఎవరింటికీ పోను, ఏ పసిబిడ్డనూ ముట్టను. నీ లెక్క ఒప్పుకుంటదా?"

నర్సింహులు ముఖం పాలిపోయింది. "లెక్క ఒప్పుకుంటదవ్వా."

"మరింకేంది?"

"నేనొప్పుకోను. నీకేమన్న అయితే? నువ్వు పోవద్దు." చదువుకున్నవాడు, పదిమందికీ పాఠాలు చెప్పబోయేవాడు, తల్లి కొంగు పట్టుకున్నాడు.

మంగవ్వకు అంత దుఃఖంలోనూ వాడి మీద ప్రేమ పొంగింది. తల నిమిరింది. "ఇగో, నిన్న పొద్దుగాల నేను మొత్తుకున్నది గిదే. నువ్వన్నది నాకు ఇయ్యాల తెల్సింది, నేనన్నది నీకు ఇయ్యాల తెల్సింది. నౌకరిల చేరు బిడ్డా. బాపుకు నేను చెప్పిన్నని చెప్పు. నీ కాయితం మీద ఒక్కొక్క అంకె రాసేటప్పుడు ఆ అంకెకు ఓ తల్లి ఉంటదని మర్వకు. గంతే."

కొంగు విడిపించుకొని, చీర కుచ్చెళ్లు పైకి దోపి వాగులోకి దిగింది. చల్లని నీళ్లు. వాగు మధ్యకు పోయేసరికి రాజమణి ఎదురొచ్చి పిల్లతో సహా మీద పడింది. తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకొని గొంతెత్తి ఏడ్చారు.

"అవ్వా! నీళ్లు మరగబెట్టి తాగు! రొట్టె ముట్టేముందు చేతులు కడుక్కో! అవ్వా!" వెనక నుంచి కేకలు వస్తూనే ఉన్నాయి. మొదట పాఠం చెప్పినట్టున్న ఆ గొంతు రానురాను పసివాడి గొంతయింది.

అవతలి ఒడ్డెక్కి మంగవ్వ వెనక్కి తిరిగింది. ఇంక పొమ్మని చెయ్యి ఊపింది. వాడు పోలేదు. ఇసుకలో చతికిలబడి మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. ఒక చేత్తో కూతుర్ని పొదివి పట్టుకొని, రెండో చెయ్యి కొడుకు వైపు చాచింది మంగవ్వ. మధ్యలో వాగు ఉంది, ఆ చెయ్యి వాడికి అందదు. అయినా చీకటి పడేదాకా ఆమె దాన్ని దించలేదు.