ఆరు గంటలు మాట్లాడకూడదు

మా వార్డులో మధ్యాహ్నాలు ప్రశాంతంగా ఉంటాయి. మందుల వాసన, ఫ్యాను చప్పుడు, అంతే. నర్సులకు ఒకటే కట్టుబాటు: రోగి తన చేదు జ్ఞాపకం చెప్పాక ఆరు గంటలు మేం నోరెత్తకూడదు.

"గుర్తు చేసుకున్న జ్ఞాపకం మెత్తబడుతుంది. మెదడు కణాల మీదుండే రిసెప్టర్లే దాన్ని మళ్ళీ గట్టిపరుస్తాయి. మన మాత్ర వాటిని ఆపితే అది చెరిగిపోతుంది. ఈలోపు మీరేం వాగినా అందులో కలిసిపోతుంది," అని డాక్టరుగారు చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవారు. నా నోరా, ఊరుకునే రకం కాదు.

ఆ రోజు మంచం మీద మా అక్క. ఆర్నెల్ల కిందట దాని నాలుగేళ్ళ కొడుకు, మా బుల్లిగాడు, పెరట్లో నీళ్ళ తొట్టిలో పడి చనిపోయాడు. అక్క వంటింట్లో ఉంది. "అమ్మా" అని ఒక్కసారి పిలిచాడట. ఆటలే అనుకుని వెళ్ళలేదు. అప్పటినుంచీ దానికి తిండి లేదు, నిద్ర లేదు. ఇక అక్క కూడా దక్కదని నాకు భయం పట్టుకుంది.

అంతా చెప్పి మాత్ర మింగింది. నా చెయ్యి పట్టుకుని గొణిగింది.

"నన్నేగా పిలిచాడు?"



"నిన్ను కాదక్కా... పిన్నీ అన్నాడేమో."

అనేశాను.

మర్నాడు అక్క కడుపునిండా తింది. నవ్వింది కూడా. "వాడు నిన్నే పిలిచాడే. వంటింట్లో ఉన్నది నువ్వేగా," అంది మామూలుగా. నాకు కోపం రాలేదు. బతికింది, అదే పదివేలు అనుకున్నాను. బుల్లిగాడు పోయిన రోజు నేను ఇక్కడ డ్యూటీలో ఉన్నాను, హాజరుపట్టీయే సాక్ష్యం.

సాయంత్రం సూదులు సర్దుతుంటే... నాకు గుర్తొచ్చింది. పొయ్యి మీద పాలు. నా చేతిలో గరిటె. బయటినుంచి సన్నగా... "పిన్నీ." ఆటలే అనుకున్నాను. వెళ్ళలేదు.

అయ్యో, నేనక్కడ లేను! లేనే లేను!

అయినా నాలుగు రోజులు ముద్ద దిగలేదు. కళ్ళు మూస్తే అదే పిలుపు. ఐదో రోజు తట్టుకోలేక ఖాళీ గదిలో దూరి గడియ పెట్టుకున్నాను. మాత్ర పిడికిట్లో పట్టుకుని, మొదటినుంచీ గుర్తు చేసుకున్నాను. పాలు... గరిటె... పిలుపు...

ఈసారి అక్కడితో ఆగలేదు.

"పిన్నీ... మింగకు."

పిడికిలి ఇంకా బిగించాను.

"అమ్మ నన్ను పంపించేసింది. నువ్వూ పొమ్మంటే... నేనెక్కడుండాలి?"

"బుల్లీ..." అన్నాను. ఏడుపు తన్నుకొచ్చింది.

కళ్ళు తెరిచి పిడికిలి విప్పాను. మాత్ర కరిగిపోయింది. చెయ్యి మోచేతి దాకా తడిసి, చల్లగా ఉంది.

ఆ గదిలో కుళాయి లేదు.