గ్రూపు కలిస్తే చాలదు

"గ్రూపు సరిపోయిందమ్మా. పరీక్షలో ఏ తేడా లేదు. ఇంకాసేపట్లో రక్తం ఎక్కిస్తాం," అని నర్సు చెప్పగానే అల్లుడు హమ్మయ్య అనుకున్నాడు. పిల్ల తల్లికి మాత్రం కాలు నిలవలేదు! తలుపు దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లింది...

లోపల కూతురు నొప్పి మందు మత్తులో మూలుగుతోంది. రక్తకణాలు వంకర తిరిగే ఆ సికిల్ సెల్ జబ్బు సంగతి పెళ్లికి ముందే అత్తింటివారికి చెప్పారు. రెండో సంగతే తల్లి కడుపులో దాచుకుంది. పిల్లకు ఎనిమిదో ఏట ఎక్కించిన రక్తం పడలేదు. వారం తిరిగేసరికి ఆ కొత్త రక్తమంతా ఒంట్లోనే విరిగిపోయి, మూత్రం నల్లగా వచ్చి, పిల్ల చావు తప్పి బయటపడింది! ఏ రకం రక్తం పడదో అప్పటి డాక్టరు ఒక కార్డు మీద రాసిచ్చాడు. ఈ పొద్దున ఇక్కడి డాక్టరమ్మ, "ఇదివరకు ఎక్కించిన రక్తం ఎప్పుడైనా పడకపోవడం జరిగిందా?" అని అడిగితే, పక్కనే ఉన్న వియ్యపురాలిని చూసి, "లేదండీ" అనేసింది మహాతల్లి! పరీక్షలో ఎలాగూ తేలుతుంది, తన నోటితో చెప్పే పని తప్పుతుందనుకుంది. తీరా పరీక్షలో ఏమీ తేలలేదు.

నర్సు రక్తం సంచి తెచ్చి తగిలించబోయింది.

"ఆపండమ్మా! నేను అబద్ధం చెప్పాను!" తల్లి భోరుమంటూ పర్సులోంచి కార్డు తీసింది.

పరుగున వచ్చిన డాక్టరమ్మ కార్డు చదివి సంచి వెనక్కి పంపించింది. "ఆ రక్తానికి ఎదురు తిరిగే యాంటీబాడీలు ఏళ్లు గడిస్తే ఒక్కోసారి పరీక్షకు అందవు. గ్రూపు కలిసినా, అదే రకం రక్తం మళ్లీ ఎక్కితే మాత్రం విరుచుకుపడతాయి. మీరు చెప్పకపోతే మాకెలా తెలుస్తుందమ్మా?" అని కసిరి, పిల్ల ఒంటికి పడే రక్తం కోసం ఫోన్లు మొదలుపెట్టింది.

సాయంత్రానికి ఆ రక్తం దొరికింది. చుక్కలు దిగడం మొదలయ్యాక వియ్యపురాలు తల్లి వైపు తిరిగింది.

"పెళ్లయిన ఈ నాలుగు నెలలూ నా మొహం చూస్తూ ఎలా దాచారు వదినగారూ?"

"చెబితే సంబంధం తప్పిపోతుందేమోనని..."

"తప్పిపోయేదే! అప్పుడైతే నేనే వద్దనేదాన్ని." ఆవిడ చెయ్యి చాపింది. "ఇప్పుడది నా కోడలు. ఆ కార్డు ఇలా ఇవ్వండి. దాచడంలో మీరు ఆరితేరారు. ఇక అడిగిన చోటల్లా చూపించే పని నాది!"