మరియమాత గొలుసు, అసుంతా బాత్‌టబ్బు

ఆగస్టు ఎండకి పేటంతా కిటికీలు బార్లా తెరుచుకుని పడి ఉన్న ఒక మధ్యాహ్నం, ప్రైవేట్ డిటెక్టివ్ ఓర్సోలా తెస్తా ఆఫీసు తలుపు ఎవరో దబదబా బాదారు. వెళ్ళి తీసింది గైటానో. ఒకప్పుడు ట్రామ్ నడిపినవాడు, ఇప్పుడు ఆవిడకి సహాయకుడు. ఓర్సోలా తుమ్మినా అందులో ఏదో ఆధారం దొరికే ఉంటుందని నమ్మే రకం.

గుమ్మంలో అసుంతా నిలబడి ఉంది. మెట్లెక్కిన ఆయాసం కంటే భయమే ఎక్కువగా ఉంది ఆవిడ మొహంలో. పిట్స్‌బర్గ్‌లోని ఆ ఇటాలియన్ పేటలో అసుంతాని ఎరగనివాళ్ళు లేరు. పండుగనాడు మరియమాత విగ్రహానికి వేసే బంగారు గొలుసు ఉండేది ఆవిడ ఇంట్లోనే. ఓడ దిగిన కొత్తలో పేట ఆడవాళ్ళందరూ తమ పెళ్లి ఉంగరాలు తీసిచ్చి, కరిగించి చేయించిన గొలుసది. అది దాచే మనిషే ఊరేగింపులో మాత ముందు నడుస్తుంది. అత్తగారి నుంచి ఆ మర్యాద అసుంతాకి వచ్చింది.

"పోయింది ఓర్సోలా! మాత గొలుసు పోయింది. ఆదివారం ఊరేగింపు. ఏ మొహం పెట్టుకుని వీధిలోకి రాను?"

"ముందు కూర్చో. గైటానో, నిమ్మరసం తీసుకురా. గొలుసు ఎక్కడ దాచావు?"

అసుంతా చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "బాత్‌రూం గోడలో."

వసంతంలో ఆవిడ తన బాత్‌టబ్బు చుట్టూ గోడలకి కొత్త టైల్స్ వేయించింది. వేసింది సవేరియో. పోయిన మొగుడికి ప్రాణస్నేహితుడు, పేటలో సగం బాత్‌రూములు అతని చేతి పనే. టబ్బు అంచుని ఆనుకుని ఉండే అడుగు వరసలో, ఒక టైలు వెనక చిన్న గూడు వదలమని అసుంతా అడిగింది. బిస్కెట్ల డబ్బాలో గొలుసు పెట్టి, గూట్లో దాచి, మీద టైలు అతికించారు. ఏడాదికోసారి పండుగ ముందు సవేరియోయే వచ్చి తీసి, మళ్ళీ వెయ్యాలని మాట.

"నిన్న వచ్చి నా ఎదురుగానే తీశాడు. డబ్బా ఖాళీ! ఆ గూడు సంగతి నాకూ అతనికీ తప్ప పురుగుకి కూడా తెలీదు. ఇంకేం చెప్పను, సాయంత్రం చర్చి మెట్ల మీద అందరూ వింటుండగా 'దొంగా' అన్నాను. నున్సియాతా వదిన నా చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడింది కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడే పడిపోయేదాన్ని. 'ఇంకెవరికి తెలుసే, వాడే, అడిగెయ్' అని ధైర్యం చెప్పింది కూడా తనే."

నున్సియాతా పక్కింటావిడ. అసుంతా కూతురికి జ్ఞానతల్లి. బిడ్డని చేతుల్లోకి తీసుకుని జ్ఞానస్నానం చేయించిన మనిషంటే ఆ పేటలో తోడబుట్టినదానికంటే ఎక్కువ.

"సవేరియో ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళ వీధిలో ఇద్దరు అప్పుడే పని వద్దన్నారట." అసుంతా గ్లాసు కింద పెట్టేసింది. "అతనే కదూ, ఓర్సోలా? అతనే అయ్యుండాలి. లేకపోతే నేను అన్న మాట..."

ఓర్సోలా లేచింది. చేతిసంచీ తీసుకుంది.

అసుంతా ఇంట్లో వంటగది పైకప్పు మీద గోధుమ రంగు మరక ఒకటి రొట్టె అంత వెడల్పున పాకి ఉంది. సరిగ్గా దాని పైనే బాత్‌రూం.

"ఇదెప్పటిది?"

"మా అమ్మాయి లివియా పురుడుకి వెళ్ళొచ్చాక. వచ్చి తీరిగ్గా టబ్బు నింపుకుని స్నానం చేశాను, మర్నాడు చూస్తే ఇది."

"నువ్వు లేనప్పుడు ఇల్లెవరు చూశారు?"

"ఇంకెవరు, నున్సియాతాయే. టమాటా మొక్కలకి నీళ్ళు పొయ్యాలి కదా, తాళాలిచ్చి వెళ్ళాను. నా మోకాలు పట్టేసినప్పటినుంచీ టబ్బు తోమేదీ తనే. కడుపున పుట్టినవాళ్ళు చేస్తారా అలా?"

మేడ మీద బాత్‌రూంలో తెల్లటి టైల్స్ నీళ్ళలా మెరుస్తున్నాయి. అడుగు వరసలో ఒకచోట మాత్రం పన్ను ఊడిన నోరులా సందు. ఓర్సోలా మోకాళ్ళ మీద కూర్చుని, టబ్బుకీ గోడకీ మధ్య నీళ్ళు దిగకుండా పెట్టే సిలికాన్ పట్టీని వేలితో చివరిదాకా తడిమింది. అంతటా గట్టిగా ఉంది. తీసిన టైలునీ, దాని కింద ఊడొచ్చిన సిలికాన్ ముక్కనీ సవేరియో కాగితంలో చుట్టి కిటికీలో పెట్టి వెళ్ళాడు.

ఆవిడ ఆ ముక్కని వెలుతురులో తిప్పి చూసింది. వాసన చూసింది. గైటానో ముక్కు కింద పెట్టింది.

"ఏం వాసన?"

"ఆకలి వేసే వాసన, అక్కా," అన్నాడతను సిగ్గుపడుతూ.

ఓర్సోలా నవ్వింది. ఎందుకో అతనికి తెలియలేదు. టైలుకి అంటిన వైపు ముక్క గరుకుగా ఉంది. టబ్బుకి అంటవలసిన వైపు నున్నగా, జిడ్డుగా ఉంది.

"అసుంతా, మూసేశాక ఈ టైలు మిగతా వాటిలాగే ఉండేదా?"

"చూడ్డానికి ఉండేది. తడితే మాత్రం బోలుగా మోగేది. ఎవరు తడతారులే అనుకున్నాం."

సవేరియో తన ఇంటి వెనక మెట్ల మీద కూర్చుని పనిముట్లకి నూనె రాస్తున్నాడు. లేవలేదు.

"అరెస్టు చెయ్యడానికి వచ్చారా?"

"అడగడానికి వచ్చాను. టబ్బు పక్కన సిలికాన్ ఎలా పెడతావు?"

"అందరూ పెట్టినట్టే."

"అందరూ ఒకలా పెట్టరు కదా."

అతను గుడ్డ పక్కన పడేశాడు. "ముందు టబ్బు నిండా నీళ్ళు నింపుతాను. బరువుకి టబ్బు కాస్త కిందకి దిగుతుంది. సందు వెడల్పైనప్పుడు సిలికాన్ పెట్టి, అది ఆరేదాకా నీళ్ళు అలాగే ఉంచుతాను. తర్వాత మనిషి దిగినా, ఏనుగు దిగినా పట్టీ చిరగదు. నన్ను స్నానం చెయ్యనివ్వవా అని ఆవిడ ఎంత గోల పెట్టిందో. చేపలు పెంచుతున్నావా అంది." ఒక్క క్షణం ఆ పాత నవ్వు వచ్చి పోయింది. "నిన్న వెళ్ళగానే చెప్పబోయాను, ఆ టైలు కింద పట్టీ ఊడి ఉంది, ఎవరో ముట్టుకున్నారు అని. డబ్బా తెరిచాక నా మాట ఎవరు వింటారు? ఆమె మొగుడి శవపేటిక మోశాను నేను. అది కూడా గుర్తు రాలేదు ఆమెకి."

అక్కణ్ణుంచి నున్సియాతా ఇల్లు. ఆవిడ మొగుడు ఎత్తొరె వాళ్ళని చూడగానే బాత్‌రూంకే లాక్కుపోయాడు. ఇంటికెవరొచ్చినా ముందు అది చూడవలసిందే.

"ఒక్క కూలివాణ్ణి పెట్టలేదు! మొత్తం నేనే. సవేరియో చేతిలో పెడితే నా ఇల్లు అమ్ముకోవాలి."

"ఆ మూల టైలు కొంచెం తాగి ఒరిగినట్టుంది," అన్నాడు గైటానో.

"అది ఇంటి తప్పయ్యా, నాది కాదు!"

ఓర్సోలా టబ్బు అంచు చూసింది. సిలికాన్ పట్టీ నాలుగుచోట్ల నోరు తెరుచుకుని ఉంది. "ఇది మాటిమాటికీ ఊడుతోందా?"

"కంపెనీవాళ్ళు దొంగలు! ఎన్ని గొట్టాలు కొన్నా ఇంతే. పట్టీ పెట్టడం మాత్రం మా ఆవిడ పని. నా వేళ్ళు చూశారుగా, సాసేజీలు. ఆవిడ చెయ్యి సన్నం."

నున్సియాతా కాఫీ పట్టుకొచ్చింది. ఆ ఉక్కలో మెడదాకా బొత్తాలు పెట్టుకున్న నల్లగౌను వేసుకుని, అప్రాన్ కొంగుతో విసురుకుంటోంది. ఎవరి కోసమో సంతాపం పాటిస్తోంది కాబోలు అనుకున్నాడు గైటానో.

"చాలా శుభ్రంగా పెట్టావమ్మా, చుట్టుపక్కల ఒక్క మరక లేదు. ఎలా?" అంది ఓర్సోలా.

"ఏముంది, రొట్టె పళ్ళానికి రాసినట్టు ముందు అంచుకి నూనె రాస్తాను. అటూ ఇటూ పడ్డది గుడ్డతో లాగేస్తే వచ్చేస్తుంది." మెప్పుకి ఆవిడ మొహం వెలిగింది. "వాడు దొరికాడా, ఆ సవేరియో? మా అసుంతా రాత్రంతా నిద్ర పోలేదు పాపం."

"రేపు దొరుకుతాడు. అందరూ అసుంతా ఇంటికి రండి."

మర్నాడు పొద్దున్న ఆ చిన్న బాత్‌రూంలోకి ఐదుగురు ఎలా పట్టారో వాళ్ళకే తెలియాలి. సవేరియో గుమ్మం దాటి లోపలికి రానన్నాడు. ఎత్తొరె కమోడు మూత మీద కూర్చున్నాడు. నున్సియాతా అసుంతా భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఓర్సోలా టబ్బు అంచున కూర్చుని సిలికాన్ ముక్క పైకెత్తింది.

"ఈ టబ్బు చుట్టూ పట్టీ అంతా గట్టిగా ఉంది. ఒక్క టైలు వెడల్పున ఊడింది. అంటే సవేరియో పని అయ్యాక ఎవరో ఆ టైలు తీసి, మళ్ళీ అతికించి, కింద కొత్తగా సిలికాన్ పెట్టారు. టబ్బు నింపకుండానే పెట్టారు. అసుంతా పురుడు నుంచి వచ్చి నీళ్ళు నింపుకోగానే టబ్బు దిగింది, పట్టీ విడిపోయింది, నీళ్ళు వంటగది పైకప్పుకి చేరాయి. సవేరియోకి గొలుసే కావాలంటే, తన పని తనే చెడగొట్టుకోడు."

"మరి ఎవరు?" అంది అసుంతా.

"టబ్బు నింపకుండా పెట్టినంత మాత్రాన పట్టీ ఇంతలా ఊడదు, మెల్లగా చిరుగుతుంది. ఇది తొక్కలా వచ్చేసింది. ఎందుకంటే కింద నూనె ఉంది, ఆలివ్ నూనె. గైటానోకి ఆకలి వేసింది దానికే. టబ్బుని రొట్టె పళ్ళెం అనుకునే చెయ్యి ఈ పేటలో ఒకటే ఉంది. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు తాళాలు ఉన్నది ఆ చేతిలోనే. వారం వారం ఈ గోడలు తోముతూ బోలుగా మోగే టైలు కనిపెట్టింది కూడా అదే."

ఎత్తొరె పెళ్ళాం వైపు తిరిగాడు. అసుంతా భుజం మీది చెయ్యి ఇంకా అక్కడే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు అసుంతా చూస్తోంది.

"నున్సియాతా," అంది ఓర్సోలా మెత్తగా, "బాగా ఉక్క పోస్తోంది కదమ్మా. ఆ పై బొత్తాం విప్పుకోరాదూ?"

నున్సియాతా అసుంతా భుజం మీంచి చెయ్యి తీసింది. తర్వాత తనే విప్పింది. నల్లగౌను కింద, చెమట పట్టిన మెడ మీద, బంగారం మెరిసింది.

"మా అమ్మ ఉంగరం కూడా ఉంది ఇందులో," అంది అసుంతా వైపు చూడకుండా. "ఎన్నేళ్ళు నీ వెనక కొవ్వొత్తి పట్టుకుని నడిచానే! ఒక్క వేసవి నా మెడలో ఉంటే అరిగిపోతుందా? పండుగ లోపల పెట్టేద్దామనే అనుకున్నాను. ఈ సవేరియో ముందే వచ్చేశాడు."

"అడిగితే ఇచ్చేదాన్ని కాదటే?" అంది అసుంతా. "పెట్టుకుని అద్దంలో చూసుకోమనేదాన్ని కాదా? చర్చి మెట్ల మీద నా చెయ్యి పట్టుకున్నావు. 'అడిగెయ్' అన్నావు. అప్పుడు ఇది నీ మెడలోనే ఉందా?"

నున్సియాతా తల దించుకుంది. ఆ జవాబు చూసి ఎత్తొరె లేచి, పెళ్ళాం వైపు చూడకుండా మెట్లు దిగిపోయాడు.

గొలుసు అసుంతా చేతికి వచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది. ఆవిడ దాన్ని పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"సవేరియో, తప్పు నాదే. ఆదివారం చర్చి మెట్ల మీదే, అందరి ముందూ చెప్తాను."

"చెప్పండి. నా పని నాకు తిరిగి రావాలి కదా."

"మరి ఈ టైలు... నువ్వే వేసిపెట్టవూ?"

సవేరియో గోడలోని సందు వైపు చూశాడు. తన పనిని చూసుకున్నట్టే చూశాడు. "లేదమ్మా. ఈ ఇంట్లో ఇంక పని చెయ్యలేను." టోపీ పెట్టుకుని రెండు మెట్లు దిగి ఆగాడు. "టబ్బు నింపి చెయ్యండి," అన్నాడు వెనక్కి తిరక్కుండా.

శనివారం ఓర్సోలా చేతిసంచీ మర్చిపోయిందని గైటానో ఆ ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది. గొలుసు ఫాదర్ దగ్గరికి చేరిపోయింది, వచ్చే ఏడు ఎవరు దాచాలో పేటే తేల్చుకుంటుందట. మేడ మీద నీళ్ళ చప్పుడు. అసుంతా పట్టేసిన మోకాలి మీద వాలి, నిండిన టబ్బు పక్కన, గోడలో టైలు ఒక చేత్తో అదిమి పట్టుకుని ఉంది. రెండో చేతిలో సిలికాన్ గొట్టం.

"నేను పట్టుకోనా అమ్మా?"

"వద్దు నాయనా," అంది ఆవిడ, గోడ మీంచి చూపు తిప్పకుండా. "ఇంక ఎవరూ పట్టుకోవద్దు."